మా ఊరి చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కడప జిల్లా పల్లెల మీద నా అనుభవం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: "మాది కడప జిల్లా పోరుమామిళ్ళ పక్కన ఒక పల్లె. పూర్వం ఊరు చెరువుకు అవతలి పక్క ఉండేదని, కరువులో పాడుబడితే ఇక్కడికి వచ్చి కట్టుకున్నారని మా జేజి (నాన్నమ్మ) చెప్పేది. ఊరి చరిత్ర, ఊళ్ళో ఉన్న కులాలవాళ్ళు ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చారో రాసి పెట్టాలని ఉంది. నెట్‌లో వెతికితే ఏమీ దొరకలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

ముందు సూటిగా జవాబు చెప్తాను. రెండు కాగితాలు సంపాదించండి. ఒకటి మీ ఊరి కైఫీయత్తు, అంటే కంపెనీ కాలం మొదట్లో ఊరి పెద్దలను అడిగి రాయించిన ఊరి వృత్తాంతం. రెండోది 1860ల నాటి ఇనాం (మాన్యం భూముల) రిజిస్టరులో మీ ఊరి పేజీలు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఆ తర్వాత ఊళ్ళో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని పొలాల్లో తిరగండి. కైఫీయత్తులో ఊరి పెద్దలు తమ గురించి తాము చెప్పుకున్న మాట ఉంటుంది. ఇనాం రిజిస్టరులో ఎవరు ఏ పని చేసి ఏ చేను అనుభవించారో ఉంటుంది. మీరు అడిగిన కులాలవాళ్ళు ఎక్కువమంది కనబడేది ఈ రెండో దాంట్లోనే.

నేను రెవెన్యూ శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు చేసి రిటైరయ్యాను. అందులో ఎనిమిదేళ్ళు రికార్డు రూములోనే. ఆ తర్వాత ఈ జిల్లాలో పదకొండు ఊళ్ళ చరిత్ర రాశాను. మా ఊరిది మొదలుపెట్టినప్పుడు అందరిలాగే రేనాటి చోళుల నుంచి అందుకున్నాను. కలమళ్ళ శాసనం, గండికోట పెమ్మసాని నాయకులు, సిద్ధవటం మట్లి రాజులు, కడప నవాబులు అంటూ అరవై పేజీలు నింపాను. మా ఊరి బడిపంతులు ఒకాయన చదివి, "అంతా బాగుంది గానీ, ఇందులో మన ఊరెక్కడ?" అన్నాడు. ఆ అరవై పేజీలూ పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ ప్రశ్న మిమ్మల్ని ఎవరూ అడగకూడదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు మీ ఊరు ఎప్పుడు ఏ జిల్లాలో, ఏ తాలూకాలో ఉందో తేల్చుకోండి. ఇది తేలకపోతే కాగితం ఉండి కూడా దొరకదు. 1800లో నైజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. అలా వచ్చిన దత్త మండలాలన్నీ కలెక్టరు మన్రో చేతికింద ఒక్కటిగా ఉండేవి. 1808లో బళ్ళారి, కడప అని రెండు జిల్లాలు చేశారు. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల కడప నుంచి పోయాయి. 1910-11లో కదిరి అనంతపురానికి, మదనపల్లె, వాయల్పాడు కొత్త చిత్తూరు జిల్లాకు వెళ్ళాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో అన్నమయ్య జిల్లా విడిపోయింది.

ఇదెందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడ్డాడు. ఆనాటికి కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉంది. కాబట్టి ఆ తిరుగుబాటు ఉత్తర ప్రత్యుత్తరాలు వెతకాల్సింది కడప జిల్లా రికార్డుల్లో. కర్నూలు కట్టల్లో ఎన్నాళ్ళు వెతికినా ఏం లాభం? ఇలాంటిదే నాకూ జరిగింది. ఒక ఆఫీసులో ఒక ఊరి ఇనాం పేజీలు అడిగితే చెదలు తినేశాయన్నారు. రెండేళ్ళ తర్వాత అదే కట్ట పాత తాలూకా పేరుతో ఇంకో బీరువాలో, దారం కూడా విప్పకుండా కనబడింది. లేవని చెప్పిన మనిషి అబద్ధం చెప్పలేదు. ఆయన వెతికింది ఇప్పటి మండలం పేరుతో. పోరుమామిళ్ళ పక్క ఊరు కాబట్టి మీరు బద్వేలు తాలూకా అని అడగండి. అక్కడ లేకపోతే చుట్టుపక్కల పాత తాలూకాల పేర్లతోనూ అడగండి.

ఇక కైఫీయత్తు సంగతి. కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వాళ్ళు తయారుచేసిన మనుషులు ఊరూరా తిరిగి కరణాలను, రెడ్లను, పూజార్లను అడిగి రాయించినవి ఇవి. బొర్రయ్య 1803లోనే చనిపోయాడు. మన జిల్లావి ఎక్కువ భాగం ఆయన తర్వాత, 1810 దరిదాపుల్లో రాసినవి. మెకంజీ 1821లో పోయాక ఆ కాగితాలు ముక్కిపోతుంటే సి.పి. బ్రౌన్ మళ్ళీ శుభ్రంగా నకళ్ళు రాయించాడు. అవి మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. మీకు అంత దూరం అక్కర్లేదు. కడప ఎర్రముక్కపల్లెలో, బ్రౌన్ బంగళా ఉండిన స్థలంలోనే, ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది. కడప జిల్లా కైఫీయత్తులను వాళ్ళు సంపుటాలుగా అచ్చువేశారు. ఒక పూట వెళ్ళి కూర్చుంటే మీ ఊరిది ఉందో లేదో తేలిపోతుంది. లేకపోతే నిరాశపడకండి. పక్క ఊరి కైఫీయత్తులో "పొలిమేర తూర్పు" అనే చోట మీ ఊరి పేరు కనబడుతుంది. ఒక్కోసారి ఆ ఒక్క ముక్కే ఎంతో పనికొస్తుంది.

కైఫీయత్తు చదవడం మొదట్లో కష్టం. వాక్యం ఎక్కడ ముగుస్తుందో తెలియదు. పారసీ మాటలు ఎక్కువ. గట్టిగా బయటికి చదవండి, అర్థమవుతుంది. అది మాట్లాడినట్టు రాసిన తెలుగు. మొదట అడవి ఉంటుంది. ఎవరో ఆవులు మేపుకుంటూ వచ్చి, అడవి నరికి, పల్లె కడతారు. తర్వాత జనమేజయుడు అగ్రహారం ఇస్తాడు, ముక్కంటి కాడువెట్టి అనే పల్లవ రాజు వస్తాడు, ప్రతాపరుద్రుడు, హరిహరరాయలు, కృష్ణరాయలు, సదాశివరాయలు వరసగా వస్తారు. ఆ తర్వాత తురకల అమలు, అబ్దుల్ నబీఖాన్, హైదరాలీ, టిప్పు, నైజాం, చివరికి కంపెనీ.

జనమేజయుడిని చరిత్రగా రాయకండి, అలాగని కొట్టిపారేయకండి. వందల ఊళ్ళు తమ అగ్రహారం జనమేజయుడే ఇచ్చాడని చెప్పుకున్నాయి. అలా చెప్పుకోవాల్సిన అవసరం ఏం వచ్చిందని అడగండి. కొత్తగా కంపెనీ దొరలు వచ్చారు. ఏ మాన్యం ఉంచుతారో, ఏది పీకేస్తారో తెలియదు. అప్పుడు ఒక మనిషి కాగితం, కలం పట్టుకొచ్చి మీ ఊరి పుట్టుపూర్వోత్తరాలు చెప్పమన్నాడు. చెప్పే కరణం తన మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఎంత పాతదైతే అంత మంచిదని అనుకోవడం సహజం. కాబట్టి కైఫీయత్తులో ప్రతి పేరాకూ మార్జిన్లో ఒక ప్రశ్న రాసుకోండి: ఈ మాట వల్ల ఎవరి హక్కు నిలబడుతుంది? నవాబుల కాలం నుంచి ఇటు చెప్పినవి మాత్రం చాలావరకు నమ్మొచ్చు. ఆ సంగతులు చూసినవాళ్ళో, చూసినవాళ్ళ కొడుకులో అప్పటికి బతికే ఉన్నారు. పైగా ఆనాడు గుడిలో ఉండి తర్వాత పగిలిపోయిన, పోయిన శాసనాల పాఠాలు కైఫీయత్తుల్లో మాత్రమే మిగిలిన సందర్భాలు చాలా ఉన్నాయి. దీని ఒక్కదానికే మెకంజీ మనుషులకు దండం పెట్టాలి.

తేదీలు సరిచూసుకోవడం నేర్చుకోండి, కష్టమేమీ కాదు. రెవెన్యూ లెక్కల్లో వాడే ఫసలి సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలి 1220 అంటే 1810 జూలైలో మొదలైన ఏడు. శక సంవత్సరానికి 78 కలపాలి. శకంతో పాటు ప్రభవాది పేరు కూడా ఇస్తారు కాబట్టి రెండూ కలుస్తున్నాయా అని చూడొచ్చు. మీ పక్కనే ఉన్న పోరుమామిళ్ళ చెరువు శాసనం తీసుకోండి. శక 1291, సౌమ్య అని ఉంటుంది. 1291కి 78 కలిపితే 1369. సౌమ్య మళ్ళీ వచ్చేది 2029లో. 2029 నుంచి పదకొండు అరవైలు, అంటే 660 తీసేస్తే సరిగ్గా 1369. రెండూ కలిశాయంటే తేదీ గట్టిది. కలవకపోతే తర్వాత కాలంలో పుట్టించిన కాగితమో, నకలు రాసినవాడి పొరపాటో అని అనుమానించాలి.

ఆ శాసనం దగ్గర కాసేపు ఆగాలి, అది మీ ఇంటి ముంగిట్లో ఉన్న నిధి. బుక్కరాయల కొడుకు భాస్కరుడు అనంతరాజ సాగరం పేరుతో ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు రాతి మీద చెక్కించాడు. కట్టలోంచి నీళ్ళు ఊరకూడదు, ఉప్పు నేల కాకూడదు, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండకూడదు, నీళ్ళు కొంచెమై కింద ఆయకట్టు ఎక్కువ కాకూడదు. ఇప్పటి ఇంజనీరు కూడా కాదనలేని మాటలు. రోజూ వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళు పనిచేసినట్టు అందులోనే ఉంది.

ఆ వెయ్యి మంది ఎవరు? రాజు పేరుంది, ఏ శాస్త్రం తెలిసినవాళ్ళు ఉండాలో ఉంది. మట్టి తవ్విన ఉప్పరవాళ్ళ పేరు గానీ, రాయి కొట్టిన వడ్డెవాళ్ళ పేరు గానీ లేదు. చెరువు కట్టాక ఆరువందల ఏళ్ళకు పైగా తూము ఎత్తి, దించి, రాత్రిళ్ళు కాలవ వెంట తిరిగి, ఎవరి కయ్యకు (మడికి) ఎన్ని గడియల నీళ్ళో చూసుకున్న నీరగంటి పేరు లేదు. అందుకే శాసనం దగ్గర ఆగిపోతే ఊరి చరిత్ర సగం కూడా కాదని నా గట్టి నమ్మకం.

ఆ మిగతా సగం కోసమే ఇనాం రిజిస్టరు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో అనుభవిస్తున్న ప్రతి చేనుకూ ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది అని విచారణ చేసి గళ్ళు గీసిన పెద్ద పుస్తకాల్లో ఇంగ్లీషులో రాశారు. ఇప్పటికీ భూమి తగాదాల్లో లాయర్లు "టి.డి. (టైటిల్ డీడ్) నంబరు" అని అడిగేది దీన్ని పట్టుకునే. కలెక్టరేట్ రికార్డు రూములో దరఖాస్తు పెడితే నకలు ఇస్తారు. అక్కడ దొరక్కపోతే రాష్ట్ర ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో అడగండి. చేతిరాత మొదటి రోజు అర్థం కాదు. మూడో రోజుకు రాసిన గుమాస్తా చేతివాటం మీకు అలవాటైపోతుంది.

ఏం కనబడుతుందో చెప్తాను. గుడి మాన్యాలు, అగ్రహారాలు, శ్రోత్రియాలు (పండిత బ్రాహ్మణులకు ఇచ్చిన భూములు) ఎలాగూ ఉంటాయి. వాటి వెనక తలారి మాన్యం, వెట్టి మాన్యం, చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి మాన్యాలు, డప్పు మాన్యం, పీర్ల మాన్యం, ఖాజీ ఇనాం ఉంటాయి. మన జిల్లాలో దశబంధం ఇనాములు చాలా ఎక్కువ. ఎవరైనా సొంత డబ్బుతో చెరువో బావో కట్టినా, తెగిన కట్ట పూడ్చినా, దాని కింద సాగయ్యే భూమిలో ఒక వంతు వాళ్ళకు ఇచ్చేవాళ్ళు. పదో వంతు అన్న లెక్క నుంచి ఆ పేరు వచ్చింది. మీ ఊరి దశబంధం దారులు ఎవరో చూడండి. ఊరికి నీళ్ళు తెచ్చిన మనిషి ఎవరో తేలిపోతుంది. ఒక ఊళ్ళో అందరూ రెడ్డిగారి తాతలు తవ్వించారని చెప్పే కుంట, రిజిస్టరులో చూస్తే ఒక బోయ కుటుంబం దశబంధం. ఆ కుటుంబం వాళ్ళకే ఆ సంగతి తెలియదు.

ఇంకొక ఊరి సంగతి దగ్గరగా చూపిస్తాను. అక్కడ నీరగంటి మాన్యం అని ఒక వరస ఉంది. విస్తీర్ణం రెండెకరాల చిల్లర, మెట్ట. ఇచ్చిందెవరు అన్న గడిలో "తెలియదు, పూర్వపు దొరలు". ఎన్నాళ్ళకు అన్న గడిలో "పని చేసినంత కాలం". అనుభవిస్తున్నది ఎవరు అన్న గడిలో ఒక మాల ఆడమనిషి పేరు, భర్త చనిపోయాడని, కొడుకు చిన్నవాడని. అంతే, ఒక్క వరస. ఆ పేరు నోట్ చేసుకుని మాలపల్లెకు వెళ్ళి అడిగితే ఒక అవ్వ, "మా అబ్బ వాళ్ళ జేజి పేరు అది. మొగుడు పోతే తనే కట్ట మీద పండుకొని తూము కాసిందంట" అంది. కాగితంలో మొగుడు చనిపోయాడని మాత్రమే ఉంది. తూము కాసిన సంగతి అవ్వ నోట ఉంది. రెండూ కలిస్తేనే ఆమె మనకు కనబడింది. నేను రాసిన పదకొండు పుస్తకాల్లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పేరా అదే.

ఊరి పనివాళ్ళు రాతి మీద అసలు కనబడరని కూడా అనుకోకండి. 1540లలో సదాశివరాయలు, రామరాజు కాలంలో కొండోజు అనే మంగలి వేడుకుంటే మంగళ్ళ మీద పన్నులు, వెట్టి మాన్పించారు. ఆ సంగతి కర్ణాటకలోనూ మన రాయలసీమలోనూ ఊరూరా రాళ్ళ మీద చెక్కించారు. ఒక రాజు శాసనాల్లో ఒక క్షురకుడి పేరు అన్నిచోట్ల నిలిచిపోవడం మామూలు సంగతి కాదు. మీ ఊరి గుడి గోడలు, గరుడగంభం, ఊరి బయటి వీరగల్లులు (చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళు) ఒకసారి జాగ్రత్తగా చూడండి. సున్నం పొరల కింద అక్షరాలు దాక్కుని ఉంటాయి. కానీ దయచేసి రాతిని గీకకండి, నూనె పూయకండి, చాక్‌పీసుతో దిద్దకండి. చీకటి పడ్డాక టార్చిలైటు పక్క నుంచి వాలుగా వేస్తే పగలు కనబడని అక్షరం కూడా లేచి నిలబడుతుంది. ఆ వెలుతురులోనే ఫోటో తీయండి. కాగితం తడిపి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీయడం తెలిసినవాళ్ళ పని. పురావస్తు శాఖవాళ్ళకు రాయండి. చాలా శాసనాలు ఇప్పటికే కడప జిల్లా శాసన సంపుటాల్లో అచ్చయి ఉన్నాయి. ముందు అక్కడ చూసుకుంటే శ్రమ తప్పుతుంది.

ఇప్పుడు మీ జేజి చెప్పిన కరువు మాట. మన సీమలో "కరువులో పాడుబడింది" అంటే ఎక్కువమంది ధాత, ఈశ్వర కరువనే అనుకుంటారు. ధాత సంవత్సరం 1876-77, ఈశ్వర 1877-78. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయిన కరువు అది. కానీ అంతకుముందు 1791-92లోనూ దక్కనంతా పెద్ద కరువు వచ్చింది. పైగా హైదరాలీ, టిప్పు కాలంలో దండు నడిచిన దారిలో ఊళ్ళు లేచిపోయాయి. కట్ట తెగి పోయినవి ఉన్నాయి, కలరా వచ్చి వదిలేసినవి ఉన్నాయి. జనం జ్ఞాపకంలో ఇవన్నీ కలిసిపోయి చివరికి ఒకే "కరువు" అవుతాయి.

దీన్ని తేల్చుకునే దారి ఉంది. 1810 దరిదాపుల కైఫీయత్తులోనే "పాత ఊరు" అన్న మాట ఉంటే మీ జేజి చెప్పింది ధాత కరువు కాదు, అంతకు ముందుది. కైఫీయత్తులో లేకుండా 1860ల రిజిస్టరులో ఉంటే ఈ మధ్యలో జరిగింది. రెండింట్లోనూ లేకపోతే అప్పుడు ధాత కరువు గురించి ఆలోచించండి. గ్రామ నక్షలో (మ్యాపులో) రెండు గ్రామకంఠాలు, అంటే ఇళ్ళు కట్టుకునే ఊరి స్థలాలు, ఉన్నాయేమో కూడా చూడండి. మనుషులు వెళ్ళిపోయినా రికార్డులో గ్రామకంఠం అలాగే ఉండిపోతుంది. ఊరు ఊరంతా ఖాళీ అయితే బేచిరాకు గ్రామం అని రాస్తారు. చిరాగు అంటే దీపం, బేచిరాకు అంటే దీపం లేని ఊరు. నా సర్వీసులో ఎన్నిసార్లు ఆ మాట రాశానో లెక్కలేదు. ఒకసారి అలాంటి చోట నిలబడి రోలు, కూలిన గోడ, ఎండిపోయిన బావి చూశాకే ఆ మాట బరువు నాకు తెలిసింది.

పాత ఊరి చోటు గుర్తుపట్టడం తేలిక. ఆ నేల బూడిదరంగులో ఉంటుంది, రైతులు పాటిమన్ను అని చేలకు తోలుకుంటారు. కుండపెంకులు, గాజుముక్కలు, ఎముకలు దొరుకుతాయి. పొలాల పేర్లు రాసుకోవడం మరిచిపోకండి. సర్వే నంబర్లు వచ్చాక పేర్లు పోతున్నాయి. చాకలి కుంట, గోరీల చేను, సత్రం కయ్య, ఉప్పరోళ్ళ గుంత లాంటి ఒక్కో పేరు వెనక ఒక్కో కుటుంబం ఉంటుంది. ఇప్పుడు ఊళ్ళో గోరీలు లేవు, ముస్లింలు లేరు, కానీ చేను పేరు గోరీల చేను. అంటే ఎవరో ఉండి, వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళారు? అక్కడి నుంచి మీ వెతుకులాట మొదలుపెట్టొచ్చు.

ఇక కులాల గురించి. ఇక్కడ చాలా జాగ్రత్తగా నడవాలి. ప్రతి కులానికీ ఒక పురాణం ఉంటుంది. వాటిని చెప్పడానికే పుట్టిన ఆశ్రిత కులాలవాళ్ళు ఉన్నారు. రెడ్లు, గొల్లల ఇళ్ళకు వచ్చి గోత్రాలు, వంశాలు చెప్పే పిచ్చికుంట్లవాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, పద్మశాలీలకు సాధనాశూరులు. వాళ్ళు ఇంకా మీ ఊరికి వస్తుంటే ముందు వాళ్ళను కూర్చోబెట్టి, అన్నం పెట్టి, వాళ్ళు ఒప్పుకుంటే రికార్డు చేయండి. కైఫీయత్తులు మళ్ళీ అచ్చు వేసుకోవచ్చు, ఈ మనుషులు పోతే మళ్ళీ రారు. వాళ్ళు చెప్పే పదిహేను తరాల్లో చివరి ఐదారు తరాలు రిజిస్టరు పేర్లతో కలవడం నేను రెండుసార్లు కళ్ళారా చూశాను. అంతకు పైవి నమ్మకంగా రాసుకోండి, రుజువుగా వాడకండి.

"ఫలానా కులంవాళ్ళు ఫలానా చోటు నుంచి వచ్చారు" అనే వాక్యం మీ పుస్తకంలో రాకుండా చూసుకోండి. కులం మొత్తం ఒకేసారి కదలదు, కదిలేది కుటుంబాలు. "ఈ ఇంటిపేరువాళ్ళు మూడు ఇళ్ళు, జమ్మలమడుగు పక్క నుంచి, మగ్గం పనికి" అని రాయగలిగితే అది చరిత్ర. సెన్సస్ కులాల లెక్కలు 1931 వరకు జిల్లా స్థాయిలో దొరుకుతాయి గానీ మీ పల్లెకు విడిగా దొరకవు. ఊరి స్థాయిలో బడి అడ్మిషన్ రిజిస్టర్లు ఎంతో నయం. క్రైస్తవ కుటుంబాలుంటే చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు చూడండి. లండన్ మిషన్‌వాళ్ళు కడపకు 1822లోనే వచ్చారు. ఏ పుస్తకంలోనూ లేని మాల, మాదిగ కుటుంబాల పేర్లు తేదీలతో సహా వాటిలో ఉంటాయి.

పాత ఇంగ్లీషు పుస్తకాలు, 1875 జిల్లా మాన్యువల్, 1915 గెజిటీర్ చదవండి, పనికొస్తాయి. కానీ అందులో మనుషులకు వేసిన పేర్లను మీ నోటితో మళ్ళీ అనకండి. ఎరుకలవాళ్ళనే చూడండి. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్మిన వర్తకులు వాళ్ళు. మద్రాసు నుంచి కడప మీదుగా వేసిన రైలుమార్గం 1871కి రాయచూరు చేరింది. ఆ తర్వాత ఉప్పు రైల్లో రావడం మొదలైంది, వాళ్ళ బతుకుదెరువు పోయింది. 1911 నేరస్థ జాతుల చట్టం తర్వాత ప్రభుత్వం వాళ్ళకు నేరస్థ జాతి అని ముద్ర వేసి రోజూ హాజరు వేయించింది. దేశం మొత్తం మీద ఆ చట్టం పోయింది 1952లో. మీ ఊళ్ళో ఎరుకల ఇళ్ళుంటే ఆ ముద్ర ఎవరు, ఎందుకు వేశారో రాయండి. ముద్రనే వాళ్ళ చరిత్రగా రాయడం పెద్ద అన్యాయం. దేవదాసీ మాన్యాల సంగతీ అంతే. రిజిస్టరులో పేర్లు ఉంటాయి. వాళ్ళ వారసులు ఇప్పుడు ఊళ్ళోనే ఉండొచ్చు. వాళ్ళను అడగకుండా పేరు వేయకండి.

మతం విషయంలో కూడా ముందే గళ్ళు గీసుకుని వెళ్ళకండి. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు స్వామివారి భార్య బీబీ నాంచారి మా ఇంటి ఆడపిల్ల అని గుడికి వచ్చి కొబ్బరికాయ కొడతారు. బ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య దూదేకుల వాడు. మన జిల్లా చరిత్ర అలా అల్లుకుపోయి ఉంది. మీ ఊరి పీర్ల చావిడికి మాన్యం ఎవరి పేరున ఉందో, నిప్పుల గుండం ఎవరు తవ్వుతారో, సొరిగెలకు (పీర్లకు) చందనం ఎవరిస్తారో అడగండి. ఒక్క చావిడి దగ్గర ఐదారు కులాల పనులు బయటపడతాయి.

ఒక తొందరపని కూడా ఉంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు చాలా ఊళ్ళలో పాత లెక్కలు కరణాల ఇళ్ళలోనే ఉండిపోయాయి. అటకల మీద, ట్రంకుపెట్టెల్లో. ఆ ఇళ్ళు ఇప్పుడు పడగొట్టి కొత్తవి కడుతున్నారు. మీ ఊరి పాత కరణం కుటుంబం ఎక్కడుందో కనుక్కుని ఈ నెలలోనే ఫోన్ చేయండి. కాగితాలు ఇవ్వమనకండి, ఎవరూ ఇవ్వరు. వాళ్ళ ఇంట్లోనే కూర్చుని ఫోటోలు తీసుకుంటానని చెప్పండి. భూమి తగాదా కోసం కాదని మొదటి నిమిషంలోనే స్పష్టంగా చెప్పాలి. లేకపోతే వాళ్ళు టెన్షన్ పడి అసలు పెట్టె తెరవరు.

ఈ పనులన్నీ ఒక వరసలో చేయక్కర్లేదు, ఏది ముందు దొరికితే అది అందుకోండి. పొలాల నడక మాత్రం ఎండాకాలం, పైరు లేనప్పుడు పెట్టుకోండి. పాటిమన్ను తోలే రోజులూ అవే, నేల తెరిచి ఉంటుంది. ముందు మీ జేజి చెప్పిన చోటికే వెళ్ళండి. అక్కడ గ్రామకంఠం ఉన్నట్టు నక్షలో కనబడితే దాని నంబరు, ఇనాం పేజీలు దొరికితే వాటి ఫోటోలు ఇక్కడ పెట్టండి. పాత పైమాషీ (పూర్వపు భూమి కొలత) నంబర్లను ఇప్పటి సర్వే నంబర్లతో కలపడం ఒక్కరే కూర్చుని చేస్తే విసుగొస్తుంది. ఆ పనిలో నేను తోడుంటాను.